ఎర్ర తాళం

సత్యప్రసాద్ ఆ పెట్టెను తిరగేసి చూశాడు. అరచేతిలో ఇమిడే వీడియోగేమ్ పెట్టె. పుస్తకంలా విప్పితే పైన ఒక తెర, కింద ఒక తెర, పక్కన దూర్చిన ప్లాస్టిక్ పుల్ల. వెనక అంటించిన కాగితం మీద పెన్నుతో అరబ్బీలో ఏదో రాసి ఉంది.

"ఇదెక్కడిది?" అన్నాడు.

"కువైట్ నుంచి తెచ్చుకున్నానండి," అంది సువర్ణ.

"బిల్లుందా?"

"బిల్లెందుకుంటుందండి? ఇచ్చేరు."

"ఎవరిచ్చేరు?"

"నేను పనిచేసిన ఇంట్లో పిల్లాడండి. వాడికి కొత్తది కొన్నారు. పాతది నాకిచ్చేడు."

సత్యప్రసాద్ రమణమ్మ వైపు చూసి నవ్వాడు. అతనికి అమలాపురంలో కంప్యూటర్ షాపు ఉంది. అంబాజీపేటలో కొబ్బరి వ్యాపారం చేసే సుబ్రహ్మణ్యేశ్వరరావు ఇంటికి కంప్యూటర్ అమ్మింది, ఉగాదికి నెట్టు పెట్టింది అతనే. ఈ సోమవారం ప్రింటర్ బాగుచెయ్యడానికి వచ్చాడు. సుబ్రహ్మణ్యేశ్వరరావు భార్య రమణమ్మ, "ఆ అబ్బాయి వచ్చినప్పుడు అడుగు, నెట్టుకి కలుపుతాడు," అని వారం కిందటే సువర్ణకి మాటిచ్చింది.

అతను పుల్లతో తెర మీద రెండుమూడు చోట్ల నొక్కాడు. వైర్‌లెస్ వెతికే పేజీ వచ్చింది. కాసేపు గిర్రున తిరిగి ఖాళీగా ఆగింది.

"మీ మోడెం కనబడట్లేదు. ఇది పాడైపోయింది," అన్నాడు. పెట్టెను మూసి టేబుల్ మీద పెట్టాడు. "ఇంకో మాట పిన్నిగారండీ. ఇలాంటివాటికి లోపలో నంబరుంటుంది. పోయిందని వాళ్ళక్కడ కంప్లైంటిస్తే, మీ నెట్టుకి కలిపిన రోజునే మీ అడ్రసు దొరికిపోద్ది. మీరు పెద్దవాళ్ళు. మీకెందుకండీ ఈ గొడవ."

రమణమ్మ సువర్ణ వైపు చూడలేదు. "వద్దులే సువర్ణా," అంది. "పనుంది కదా, వెళ్ళు."

సువర్ణ పెట్టెను కొంగుతో తుడిచి, రుమాల్లో చుట్టి, బొడ్లో దోపుకుని కొట్టులోకి వెళ్ళింది.

కొట్టు ఇంటి వెనకే. ఏడాది పాటు అటక మీద ఎండిన కాయల్ని దింపి కుప్ప పోశారు. సువర్ణ ఒక్కో కాయ తీసి చెవి దగ్గర ఊపుతుంది. లోపల కొబ్బరి గుండు చిప్పని వదిలేసి లొడలొడమంటే కుడివైపు వేస్తుంది. చప్పుడు లేకపోతే ఎడమవైపు. అవి మళ్ళీ అటకెక్కుతాయి. లోవమ్మ ఎదురుగా కూర్చుని, చప్పుడైన కాయని కత్తి వెనకవైపుతో చుట్టూ కొట్టి, చిప్ప ఒలిచి, గుండుని చెదరకుండా తీస్తుంది.

"ఏమన్నాడు కంప్యూటరబ్బాయి?" అంది లోవమ్మ.

"పాడైపోయిందన్నాడు."

"అంతేనా?"

సువర్ణ ఒక కాయ ఊపి కుడివైపు వేసింది. "ఎత్తుకొచ్చేనన్నాడు."

"అన్నాడా?"

"అనలేదు. బిల్లడిగేడు."

లోవమ్మ కత్తి ఆపి ఆమె మొహం చూసింది. మళ్ళీ కొట్టింది. "కువైట్ వెళ్ళినోళ్ళు బంగారం తెచ్చుకుంటారు, దుప్పట్లు తెచ్చుకుంటారు. నువ్వు ఆటబొమ్మ తెచ్చుకున్నావు. దొంగతనమే చేస్తే అదేనా నీకు దొరికింది?"

సువర్ణ నవ్వింది.

"ఇంతకీ ఏముంటుందే అందులో?"

"ఊరుంటుంది పిన్నీ. నాదో ఊరు, ఫహద్‌దో ఊరు. ఇల్లు, చెట్లు, ఏరు, సముద్రం. గేటు తెరిస్తే వాడు నా ఊరొస్తాడు. నేను వాడి ఊరెళ్తాను."

"వచ్చి ఏం చేస్తాడు?"

"చేపలు పడతాం."

"చేపలు పట్టడానికి కువైట్ నుంచి రావాలా? మన అంతర్వేదిలో లేవా?"

"అక్కడుండగా రోజూ వంటింట్లో పక్కపక్కన కూర్చుని ఆడేవాళ్ళం. వచ్చేముందు చెప్పేడు. శుక్రవారం, వాళ్ళకి నాలుగు గంటలకి, గేటు తీసి కూర్చుంటానన్నాడు. మనకి ఆరున్నర. నేనొచ్చి ఆరు శుక్రవారాలైంది. ఒక్కసారీ వెళ్ళలేదు."

"ఫోను చెయ్యొచ్చుగా."

"చేస్తున్నాను. తొమ్మిదేళ్ళ పిల్లాడు ఫోనులో ఏం మాట్లాడతాడు? బాగున్నానంటాడు. ఆపైన ఊపిరి వినబడుతుంది, అంతే."

లోవమ్మ గుండుని బయటికి తీసి అటూ ఇటూ తిప్పి చూసింది. ఎక్కడా చెదరలేదు. బుట్టలో పెట్టింది.

మంగళవారం భోజనాల వేళ సువర్ణ సెంటర్లో ఫోను బూత్‌కి వెళ్ళింది. కువైట్ నంబరు ఆమె ఎక్కడా రాసుకోలేదు. అరబ్బీలోనే పెదాలు కదుపుతూ ఒక్కో అంకె నొక్కింది. ఫహద్ తల్లి ఎత్తింది. వచ్చే ఆదివారం అందరూ లండన్ వెళ్తున్నారు. వెళ్ళేముందు పాత ఆటసామానంతా ఎవరికైనా ఇచ్చేస్తారు. పిల్లాడు ప్రతి శుక్రవారం ఈ ఆట పట్టుకుని కూర్చుంటున్నాడు, ఎవరూ రావడం లేదు. అలా కూర్చోబెట్టడం ఆమెకి ఇష్టం లేదు. ఈ శుక్రవారమే ఆఖరు.

"వస్తావో రావో వాడికి నిజం చెప్పు," అని ఫోను పిల్లాడికిచ్చింది.

ఊపిరి వినబడింది.

"వస్తావా?" అన్నాడు ఫహద్.

"వస్తాను," అంది సువర్ణ.

బూత్ బయట నిలబడి రుమాలు విప్పి పెట్టె తెరిచింది. వెతికే పేజీలో ఈసారి ఒక పేరు కనబడింది. పక్క మేడలో ఎవరికో నెట్టుంది. ఆమెకి ఇంగ్లీషు చదవడం రాదు. ఏ బొమ్మ తర్వాత ఏ బొమ్మ నొక్కాలో ఫహద్ నేర్పించాడు. పేరు పక్కన తాళం బొమ్మ ఉంటుంది. బూడిదరంగు తాళమైతే ఈ పెట్టెకి తెరుచుకోదు. ఎర్ర తాళమైతే నంబరు అడుగుతుంది. బూత్ దగ్గర కనబడింది బూడిదరంగుది. అయినా పెట్టె పాడవలేదని తెలిసింది.

సాయంత్రం కొట్టు ఊడ్చాక పెట్టె పట్టుకుని రమణమ్మ ఇంటి చుట్టూ తిరిగింది. వంటింటి కిటికీ దగ్గర నిలబడింది. వీధి అరుగు దగ్గర నిలబడింది. ఎక్కడా ఏ పేరూ రాలేదు.

బుధవారం పొద్దుట వాన పడుతుండగా లైన్‌మన్ కనకరత్నం సైకిల్ మీద నిచ్చెన కట్టుకుని వచ్చాడు. టెలిఫోన్ ఆఫీసులో ఇరవై ఎనిమిదేళ్ళ సర్వీసు. రమణమ్మ ఫోనులో గరగరమంటోందని రెండు రోజులుగా కంప్లైంటు.

అతను వీధిలో స్తంభం దగ్గర తన టెస్ట్ ఫోను తగిలించి విన్నాడు. అక్కడ గరగర లేదు. నిచ్చెన దిగి తీగని రెండు వేళ్ళ మధ్య పట్టుకుని నడవడం మొదలుపెట్టాడు. గోడ మీంచి కిటికీ, కిటికీలోంచి హాలు, హాల్లోంచి పడగ్గది. పడగ్గదిలో తీగ బీరువా వెనక్కి వెళ్ళింది. అతను వంగి టార్చి వేశాడు.

"అమ్మగారండీ, తీగ బీరువాలోకెళ్ళిందేటండి?"

"మోడెం అందులోనే ఉంది కనకరత్నంగారూ."

"బీరువాలోనాండి?"

"ఆయ్. మొన్న వైశాఖంలో పిడుగుకి పక్కింటోళ్ళది కాలిపోయింది కదండీ. వెల్డింగబ్బాయిని పిలిచి వెనకాల కన్నం వేయించేను. విలువైంది బయటెందుకని."

"ఆ కంప్యూటరబ్బాయి చూళ్ళేదేటండి?"

"ఆ అబ్బాయి హాల్లో కంప్యూటర్ దగ్గరే కూర్చుంటాడు. అక్కడ నెట్టొస్తూనే ఉంది కదా."

కనకరత్నం వేలు కన్నం అంచున పెట్టి తీశాడు. వేలు గీసుకుంది. "గరగర ఇదేనండి. రేకు అంచుకి తీగ తొడుగు తెగిపోయింది. రాగి ఇనుముని తాకుతోంది. బీరువా తెరవాలండి."

రమణమ్మ వెనక తలుపు దగ్గరికెళ్ళి సువర్ణని కేకేసింది. చీరలు దింపడానికి మనిషి కావాలి. సువర్ణ చేతులు కడుక్కుని వచ్చింది. రమణమ్మ బొడ్లో తాళాలగుత్తి తీసి బీరువా తెరిచింది. కలరా ఉండల వాసన వచ్చింది. పట్టుచీరల మధ్య మడతపెట్టిన తువ్వాలు మీద మోడెం ఉంది. దానికి పసుపు రాసి బొట్టు పెట్టి ఉంది. చీకట్లో నాలుగు లైట్లు వెలుగుతున్నాయి.

సువర్ణ చీరలు ఒక్కొక్కటీ తీసి మంచం మీద పెట్టింది. అన్నీ అయ్యాక రుమాలు విప్పింది. వెతికే పేజీ తిరిగి ఆగింది. ఒక పేరు వచ్చింది.

"వచ్చిందండి," అంది.

"ఏమొచ్చింది?" అంది రమణమ్మ.

"మీ మోడెమండి. ఇన్నాళ్ళూ ఇనప్పెట్టెలో ఉంది కదండీ, అందుకే కనబడలేదు." మళ్ళీ తెర వైపు చూసింది. "బూడిద తాళమేనండి."

కనకరత్నం తీగకి టేపు చుడుతూ ఏమిటని అడిగాడు. సువర్ణ చెప్పింది. ఫహద్, ఊరు, గేటు, శుక్రవారం, తాళం రంగులు. ఎక్కువ మాటలు వాడలేదు. అతను మధ్యలో ఆపలేదు.

"అదెవరిదో మనకి తెలీదు కనకరత్నంగారూ," అంది రమణమ్మ. "కలిపితే కేసవుద్దన్నాడు ఆ అబ్బాయి."

"కేసయితే ముందు నన్ను పట్టుకుంటారండి. లైను నాది కదండీ." అతను కత్తెర జేబులో పెట్టుకున్నాడు. "రాజమండ్రిలో రెండ్రోజులు ట్రైనింగిచ్చేరండి ఈ మోడెం గురించి. కుర్రాళ్ళందరూ వెనకాల కూర్చుని నవ్వుకున్నారు, నేను రాసుకున్నాను. ఇప్పటిదాకా ఎవరూ అడగలేదు. మీరు సరేనంటే ఓసారి చూస్తానండి."

రమణమ్మ మంచం మీద చీరల వైపు చూసింది. సరే అనలేదు. వద్దనీ అనలేదు. కనకరత్నం హాల్లోకి నడిచాడు.

చొక్కా జేబులోంచి ప్లాస్టిక్ కవరు, కవరులోంచి నోటుబుక్కు తీశాడు. కంప్యూటర్ ముందు కూర్చుని పుస్తకంలో అంకెలు చూసి ఒక్క వేలితో కొట్టాడు. మోడెం పేజీ తెరుచుకుంది. మళ్ళీ పుస్తకం చూశాడు.

"తాళాలు రెండు రకాలమ్మా. ఇప్పుడున్నది కొత్త రకం. నీ పెట్టెకి పాత రకమే తెలుసు. పాతది అంత గట్టిది కాదండి అమ్మగారూ, ముందే చెప్తున్నాను. కానీ తాళమే." పేజీలో ఒక వరస మార్చాడు. "దీనికి సరిగ్గా పది అంకెలుండాలి. తొమ్మిది పనికిరావు, పదకొండు పనికిరావు. ఊళ్ళో ఎవరూ ఊహించలేనిది, మీరు మర్చిపోనిది. సెల్ నంబర్లొద్దు, అందరికీ తెలుస్తాయి. చెప్పండి."

రమణమ్మ ఆలోచించింది. ఇంటి ఫోను పదకొండంకెలు. బ్యాంకు నంబరు ఆమెకి రాదు.

"నేను చెప్పనాండి?" అంది సువర్ణ.

ఆమె పెదాలు కదిలాయి. తిస్సా, సిత్తా, ఖమ్సా. వేళ్ళ మీద తెలుగులోకి మార్చుకుని, "తొమ్మిది, ఆరు, అయిదు," అంది. మిగతా ఏడూ అలాగే ఒక్కొక్కటీ చెప్పింది. కనకరత్నం ఒక్కొక్కటీ కొట్టాడు. సరిగ్గా పది.

"ఎవరి నంబరది?" అంది రమణమ్మ.

"ఆ ఇంటిదండి. ఫహద్ వాళ్ళ ఇంటిది."

కనకరత్నం నోటుబుక్కు కవర్లో పెట్టాడు. "ఎత్తుకొచ్చినోళ్ళు ఆ ఇంటి నంబరే గుర్తుపెట్టుకుంటారేటండీ," అన్నాడు. ఎవరితో అన్నాడో తెలియలేదు. రమణమ్మ పడగ్గదిలోకి వెళ్ళి చీరలు సర్దడం మొదలుపెట్టింది.

సువర్ణ మళ్ళీ వెతికింది. పేరు వచ్చింది. పక్కన తాళం ఎర్రగా ఉంది. పుల్లతో పదంకెలు నొక్కింది. గీత నిండింది. కింద ఇంగ్లీషులో ఒక మాట వచ్చింది. ఆమె ఆ మాట ఆకారాన్ని గుర్తుపట్టింది. నెట్టు కలిసింది.

మోడెం బీరువా పైకి ఎక్కింది. కింద చెక్క, పైన లేసుగుడ్డ. గుడ్డ వద్దని కనకరత్నం చెప్పాడు. "పల్చటిదేలెండి," అని రమణమ్మ కప్పింది. ఫోనులో గరగర పోయింది.

"శుక్రవారం ఎన్నింటికన్నావు?" అంది సువర్ణతో.

"ఆరున్నరకండి."

"దీపాలవేళ. శుక్రవారం దీపాలవేళ ఇంట్లోంచి ఏదీ బయటికివ్వను. పాలల్లోకి తోడు కూడా ఇవ్వను. తెలుసు కదా."

"పోయేదేం లేదండి. వచ్చేదేనండి. వాడే వస్తాడు."

రమణమ్మ తాళాలగుత్తి బొడ్లో దోపుకుంది. "హాల్లో కూర్చో అయితే. కాళ్ళు కడుక్కుని రా."

గురువారం సువర్ణ బూత్ నుంచి ఫోను చేసి, ఈసారి గేటు తానే తీస్తానని, వాడినే రమ్మని ఫహద్‌కి చెప్పింది.

శుక్రవారం నాలుగింటికి సత్యప్రసాద్ మళ్ళీ వచ్చాడు. కొట్టులో కూర్చునే ధరలు చూసుకోవాలని సుబ్రహ్మణ్యేశ్వరరావు లాప్‌టాప్ చెప్పి తెప్పించుకున్నాడు. సత్యప్రసాద్ దాన్ని విప్పి నెట్టు కలపబోయాడు. నంబరు అడిగింది. తాను పెట్టిన నంబరు కొట్టాడు. తీసుకోలేదు. కంప్యూటర్లో మోడెం పేజీ తెరిచాడు. నంబరుండాల్సిన చోట చుక్కలున్నాయి.

"ఎవరో మార్చేరండి ఇది. పాతరకం తాళం పెట్టేరు. ఇలాంటిది ఇప్పుడెవరూ వాడరు పిన్నిగారండీ. నిమిషంలో మార్చేస్తాను."

"మారిస్తే సువర్ణ పెట్టెకి తెరుచుకుంటుందా?"

అతను వెనక్కి తిరిగాడు. "ఆవిడదేంటండి, దానికి తెరుచుకోదు."

"అయితే మార్చకు."

"ఇది గట్టిది కాదండి."

"కనకరత్నంగారు చెప్పేరు. ఆరున్నరకి దానికి పనుంది. మార్చకు బాబూ."

"నంబరు చెప్పండి పోనీ."

"నాకు రాదు. రాసుకోలేదు. సువర్ణ కొట్లో ఉంది, వెళ్ళి అడుగు."

సత్యప్రసాద్ బూట్లు వేసుకుని వెనక తలుపులోంచి దిగాడు. మొన్నటి వాన నీళ్ళు దాటుకుంటూ కొట్టు గుమ్మం దాకా వెళ్ళాడు. లోపల చిప్పల దుమ్ము. ఇద్దరాడవాళ్ళు కాయల కుప్పకి అటూ ఇటూ కూర్చున్నారు.

"సువర్ణగారండీ," అన్నాడు.

లోవమ్మ కత్తి ఆపింది.

"ఆ నంబరు ఓసారి చెప్తారాండి? అయ్యగారి లాప్‌టాప్‌కి కావాలి."

"కొత్తదా బాబూ?" అంది లోవమ్మ.

"ఆయ్, కొత్తదేనండి."

"బిల్లుందా?"

అతను ఆమె వైపు చూశాడు. సువర్ణ వైపు చూశాడు. "ఉందండి," అన్నాడు.

"ఉంటే మంచిదే," అని లోవమ్మ కాయ కొట్టింది.

సువర్ణ చేతిలో కాయని చెవి దగ్గర ఊపింది. వింది. ఎడమవైపు వేసింది. చేతులు దులుపుకుని, లోపల అరబ్బీలో ఒకటి అనుకుని, తెలుగులో ఒకటి చెప్పింది. సత్యప్రసాద్ అరచేతి మీద పెన్నుతో రాసుకున్నాడు. పదీ అయ్యాక మళ్ళీ చదివి వినిపించాడు. ఒకటి తప్పు పోయింది. ఆమె దిద్దింది.

"థాంక్సండి," అన్నాడు. రెండడుగులు వేసి ఆగాడు. "మీ పెట్టె పాడవలేదండి. మోడెం బీరువాలో పెట్టేరని నాకు తెలీదు."

"ఆయ్," అంది సువర్ణ. ఇంకో కాయ తీసింది.

ఆరుంబావుకి ఆమె బావి దగ్గర కాళ్ళూ చేతులూ కడుక్కుంది. హాల్లో చాప మీద గోడకి ఆనుకుని కూర్చుంది. రమణమ్మ దేవుడి దగ్గర దీపం పెట్టి, గుమ్మానికి రెండువైపులా అగరొత్తులు గుచ్చి, వచ్చి కుర్చీలో కూర్చుంది.

తెర మీద ఊరు వచ్చింది. సువర్ణ బొమ్మ గేటు దగ్గరికి నడిచింది. కాపలావాడితో రెండు మాటలయ్యాయి. గేటు తెరుచుకుంది. ఆరున్నరైంది. ఎవరూ రాలేదు. రమణమ్మ గోడగడియారం చూసింది. ఆరూ ముప్ఫైఅయిదు. సువర్ణ బొటనవేలు బటన్ మీదే ఉంది.

"వాళ్ళ గడియారం ఏదైనా లేటేమో," అంది రమణమ్మ.

"లేదండి. అలా ఉండదండి."

ఆరూ నలభై. ఒక గంట మోగింది, తెరలో. తెర మీద ఇంగ్లీషులో ఒక వరస వచ్చి పోయింది. గేటులోంచి ఎర్రటోపీ పెట్టుకున్న బొమ్మ పరుగెత్తుకొచ్చి సువర్ణ బొమ్మ ముందు ఆగింది.

సువర్ణ పెట్టెని మొహానికి దగ్గరగా తెచ్చుకుంది. రమణమ్మ కుర్చీ దిగి చాప మీద పక్కన కూర్చుంది.

"వీడేనా?"

"ఆయ్. వీడేనండి."

ఎర్రటోపీ బొమ్మ చేతిలో వల తీసి నేల మీద కొట్టింది. ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు. ఆగింది.

"ఏమంటాడు?"

"ఆకలేస్తోందంటున్నాడండి. స్కూల్ నుంచి వచ్చి వంటింటి తలుపు మూడుసార్లు కొట్టేవాడండి. మాటాడేవాడు కాదు."

"అయితే పెట్టు," అంది రమణమ్మ.

సువర్ణ బొమ్మ సముద్రం ఒడ్డుకి నడిచింది. ఎర్రటోపీ వెనకే నడిచింది. ఇసకలో కొబ్బరిచెట్లు వరసగా ఉన్నాయి. సువర్ణ ఒక చెట్టుని పట్టుకుని ఊపింది. రెండు కాయలు రాలాయి.

రమణమ్మ ముందుకి వంగింది. "ఊపితే రాలిపోతాయా? దింపు మనిషక్కర్లేదా?"

"అక్కర్లేదండి."

"అయ్యగారికి చెప్పకు. ఆ ఊళ్ళో తోట కొనేస్తారు."

ఎర్రటోపీ ఒక కాయ తీసుకుంది. రెండోది తీసుకుంది. అక్కడే నిలబడి మళ్ళీ వల తీసింది. ఒకటి, రెండు, మూడు.

"ఇంకా అడుగుతున్నాడండి," అంది సువర్ణ.

దేవుడి దగ్గర దీపం వెలుగుతోంది. రమణమ్మ తెర మీంచి చూపు తిప్పలేదు.

"చెట్టు నిండా ఉన్నాయి కదా," అంది. "ఇవ్వు."